రెండక్షరాల తీర్పు

కుడికంటి మీద ప్లాస్టిక్ డిప్ప, డిప్ప కింద గుడ్డ, గుడ్డ కింద నిన్న మధ్యాహ్నం అమర్చిన కొత్త లెన్సు, ఒళ్ళో అట్టపెట్టెలో ఒక పాత లెన్సు, ఈ రెండిటికీ మధ్య అరవై మూడేళ్ళ ఓరికాసా కునిహికో, అంటే నేను, నకానో స్టేషను వెనక కంటాసుపత్రి మూడో అంతస్తులో, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి ఆసుపత్రి స్లిప్పర్లు తొడుక్కుని, ఇరవై ఏడో నంబరు చీటీ పట్టుకుని కూర్చున్నాను. స్లిప్పర్లు ఆకుపచ్చవి అంటుంది పక్కన కూర్చున్న సుజునో. ఎడమకంటికి అవి బురదరంగులో కనిపిస్తున్నాయి. ఎడమకంట్లోనూ శుక్లం ఉంది, దాని వంతు వచ్చే నెల. సుజునో మా పాత కెమెరాల కొట్లో రిపేరు బల్ల దగ్గర పాతికేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, యాభై దాటింది, నోరు స్క్రూడ్రైవరు కంటే పదును. తోడు లేకుండా రావద్దని డాక్టరు చెబితే, నాకు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, కొట్టు తెరిచే పని ఇంకెవరికో అప్పగించి వచ్చింది, వచ్చి కమలాపండు ఒలుస్తోంది. లోపలికి వెళ్ళింది పదకొండో నంబరు. ఇంకా గంట పడుతుంది. గంట తర్వాత కట్టు విప్పుతారు. విప్పాక ఈ పెట్టె తెరిచి, లెన్సును వెలుతురుకు పట్టి, మార్చి నెలలో నేను చూసిన మబ్బు అద్దంలో ఉందా నా కంట్లో ఉందా తేల్చుకోవాలి. అద్దంలో ఉంటే నా ముప్పై నాలుగేళ్ళ పరువు నిలుస్తుంది. నా కంట్లో ఉంటే, తొంభై రెండేళ్ళ మనిషి చేత నిక్షేపంలాంటి లెన్సును నేనే మూలన పడేయించినట్టు.

ముప్పై నాలుగేళ్ళు నేను చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కళ్ళు అరువివ్వడం. ఎక్కడో ఉన్నవాడు, వస్తువును చూడకుండా, పట్టుకోకుండా, నేను రాసిన చీటీ చదివి కొనుక్కుంటాడు. కొత్తదానిలాంటిది, అందమైనది, మంచిది, మామూలుది, లోపం ఉన్నది. అయిదు గ్రేడులు. ఆ కింద గుమ్మం దగ్గర ఒక బుట్ట ఉంటుంది, దానికి గ్రేడు లేదు, దాన్ని తుక్కు బుట్ట అంటాం, తుక్కు అంటే చచ్చిందని కాదు, దాని గురించి మేమేమీ మాట ఇవ్వం అని. ఈ తేడా తెలియక ఎంతమంది ఫోన్లు చేస్తారో. పోయిన చలికాలం ఉత్తరాన హొక్కైదో నుంచి పాల డెయిరీ నడిపే ఒకాయన చేశాడు. "చీటీలో 'అంచుకు తగిలింది' అని రాశారు, ఏం తగిలిందండీ, లాటరీయా?" అన్నాడు, వెనక ఆవులు అరుస్తున్నాయి. మా మాటలో దెబ్బ తగిలినా తగలడమే, బహుమతి తగిలినా తగలడమే. "కాదండీ, ఎవరో కింద పడేశారు, అంచు సొట్టపోయింది" అన్నాను. "మరి 'వాడిన ఛాయలున్నాయి' అంటే?" "చేత్తో పట్టుకున్నారని." "కెమెరాను కాలితో పట్టుకుంటారా?" "పట్టుకోని వాళ్ళూ ఉంటారండీ. కొని బీరువాలో పెట్టేస్తారు. అలాంటివాటికే 'అందమైనది' అని రాస్తాం." ఆయన, "అయితే నాకు అందమైనది వద్దు, పట్టుకున్నదే పంపండి" అన్నాడు. ఆ మాటకి నేను ఫోను పెట్టేశాక కూడా లేచి నిలబడి ఉండిపోయాను. గ్రేడు చదవడం తెలిసినవాళ్ళు నూటికి ఒకరు, ఆ ఒకరు ఆవుల మధ్య ఉన్నాడు.

ఎందుకంటే వాడకం దాగదు. నల్లరంగు అరిగి ఇత్తడి బయటపడే చోటు మనిషికో రకంగా ఉంటుంది. బొటనవేలు ఆనించే మనిషి, మెడకు తగిలించుకుని గుండీలకు రాపిడి పెట్టే మనిషి, ఎడమచేత్తో తిప్పే మనిషి. ఒకసారి ఒక కెమెరా వచ్చింది, నాలుగు వైపులా కొత్తదే, ఫొటో తీయడానికి నొక్కే మీట దగ్గర మాత్రం చూపుడువేలి చోట రంగు పూర్తిగా పోయి ఇత్తడి మిలమిలలాడుతోంది. ఎవరో ఏళ్ళ తరబడి వేలు దాని మీద పెట్టి ఎదురుచూశారన్నమాట. నొక్కింది కొంచెం, ఆగింది ఎక్కువ. దేనికోసం ఆగాడో, పక్షికోసమో, బిడ్డ నవ్వుకోసమో, నాకేం తెలుసు. దానికి చీటీ మీద 'రాపిడి ఉంది' అని రాశాను, నిజమే కదా, రాపిడి ఉంది, కానీ రాసి పెన్ను కింద పెట్టాక నా వేలు కూడా ఆ చోట పెట్టి చూశాను. మనిషి పోయినా మనిషి ఎదురుచూసిన జాడ లోహంలో నిలుస్తుంది. దాన్ని చదవగలిగే కళ్ళు నాకిచ్చిన దేవుడెవరో గానీ, ఆ కళ్ళ మీద నాకు గర్వం ఉండేది. చాలా ఉండేది. దాచుకోవడం దేనికి.

పన్నెండో నంబరు. ముసలాయన కర్ర వెతుక్కుంటూ లేచాడు. సుజునో కమలాతొన ఒకటి నా చేతిలో పెట్టింది. నోట్లో వేసుకుంటే పులుపు. మార్చిలో తోమె గారు కూడా కమలాపళ్ళే తెచ్చింది, చిన్న గుడ్డమూటలో అయిదు, లెన్సు ఇంకో మూటలో. మురొజుమి తోమె. చీబా తీరంలో ఒక చేపల రేవులో అరవై ఆరేళ్ళుగా ఫొటో స్టూడియో నడుపుతున్న మనిషి. నడుం వంగిపోయి నా కౌంటరు అంచుకు గడ్డం ఆనేంత ఎత్తు. మూట విప్పితే ఇత్తడి లెన్సు, నా గుప్పిట్లో పట్టనంత లావు, చెక్క కెమెరాకు బిగించేది, ఆవిడ కొన్నప్పుడే అది ఒకరు వాడి వదిలేసినదట. "నాయనా, అమ్మడానికి రాలేదు. ఏటా మా రేవులో మొదటి వేట పడవలు తిరిగొచ్చిన రోజున ఊరందర్నీ గోడ ముందు నిలబెట్టి ఒక ఫొటో తీస్తాను. ఈ ఏడు తీసే ఓపిక నాకుంది. దీనికుందో లేదో చూసి చెప్పు. పోయిందంటే తలుపులు మూసేస్తాను. బతికుందంటే తీస్తాను. నీ కన్ను మంచిదని ఎవరో చెబితే రెండు రైళ్ళు మారి వచ్చాను" అంది.

లెన్సు వెనక టార్చి పట్టి చూశాను. లోపలంతా తెల్లగా, స్నానాల గదిలో అద్దానికి ఆవిరి పట్టినట్టు. ఎటు తిప్పినా అదే. లోపలి గాజుల మధ్య మబ్బు, ఇంత ముదిరితే తుడిచినా పోదు. పోయిందని చెప్పాలి. చెప్పాలంటే నోరు రాలేదు. మావాళ్ళకు మొహం మీద 'కాదు' అనడం చేతకాదు, పుట్టుకతో రాలేదు, కాదనాల్సి వస్తే పళ్ళ మధ్య గాలి పీలుస్తాం, తల పక్కకు వంచుతాం, వాతావరణం గురించి మాట్లాడతాం. నేను నా కుంచె పెన్ను తీసి, సన్నని కాగితం పట్టీ మీద, పక్కపక్కన, రెండక్షరాలు రాశాను. మా లిపిలో మాటకో అక్షరం, 'లోపం' అన్నది ఒకటి, 'ఉంది' అన్నది ఇంకొకటి. లెన్సు మూత మీద అంటించి, రెండు చేతులా అందించి, వంగి నమస్కారం పెట్టాను. ఆవిడ మూత మొహానికి దగ్గరగా పట్టుకుని చదివింది. చాలాసేపు చూసింది. తర్వాత లెన్సును గుండెకు హత్తుకుని, నాకంటే కిందకి, కౌంటరు వెనక మనిషి కనపడకుండా పోయేంత కిందకి వంగింది. ఏడవలేదు, ఎందుకని అడగలేదు, ఇంకోసారి చూడమని బతిమాలలేదు. కమలాపళ్ళు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆ నమస్కారం చూసి నా కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత నెల్లాళ్ళపాటు కనిపించినవాడికల్లా చెప్పాను, తీర్పు వినడమంటే అలా వినాలి, ఆ తరం మనుషులే వేరు, అరవై ఆరేళ్ళ పని ఒక్క ముక్కతో ముగిస్తే మారుమాట లేకుండా వంగి వెళ్ళింది అని. సుజునోకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆ సుజునోయే ఏప్రిల్లో ఒక రోజు నా బల్ల దగ్గరికొచ్చి విప్పిన లెన్సు ఒకటి ముందు పెట్టింది. "గురువుగారూ, ఇందులో మబ్బుంది తుడవమని చీటీ రాశారు. ఏం తుడవమంటారు? గాలినా?" అంది. నాకు కోపం ముంచుకొచ్చింది. తుడవడం రాక లెన్సు మీద పెడుతున్నావు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది అని కసిరాను. ఆవిడ వెళ్ళి సొరుగు లాగి తెచ్చి నా ముందు బోర్లించింది, తొమ్మిది లెన్సులు, చలికాలం నుంచి నేను తుక్కు బుట్టలో వేసినవి, ఒక్కొక్కటే తీసి దాచిపెట్టిందట. "ఇవన్నీ మబ్బు పట్టినవేనా? మా చెల్లెలి కూతురికి చూపించాను, పదమూడేళ్ళది, 'పెద్దమ్మా ఇవి నీళ్ళలా ఉన్నాయి' అంది." నేను టార్చి పట్టి చూశాను. తొమ్మిదిట్లోనూ మబ్బే. తొమ్మిదిట్లో ఒకే మబ్బు. ఒకే చోట, ఒకే మందం. లెన్సు తిప్పితే మబ్బు తిరగడం లేదు. అప్పుడు టార్చి ఆర్పి బల్ల మీద పెట్టేశాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారే, నేను ఆ సామెతకు జీతం తీసుకుంటూ కూర్చున్నవాణ్ణి. డాక్టరు నా కంట్లో దీపం వేసి చూసి, "రెండేళ్ళ నుంచి ఉండి ఉంటుందండీ, మీకు తెలియలేదా?" అన్నాడు. ఆ సొరుగులో తొమ్మిదున్నాయి. పదోది రెండు రైళ్ళ అవతల ఉంది.

పద్నాలుగు. పదిహేను పిలిచినా ఎవరూ లేవలేదు, పదహారు. తోమె గారికి ఉత్తరం రాశాను. చినుకుల కాలం దగ్గరపడుతోంది, తమ ఆరోగ్యం ఎలా ఉందో, శ్రమ అనుకోకపోతే ఆ లెన్సును మరొక్కసారి చూసే భాగ్యం కలిగిస్తారా అని, ఒక పేజీ నిండా మర్యాద, ఒక్క ముక్క నిజం లేదు. పెట్టె మొన్న వచ్చింది. మీద ఒక కవరు అంటించి ఉంది. విప్పలేదు. కంటికి శ్రమ ఇవ్వొద్దన్నారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. ఎడమకంటితో చదవగలను, భయం వేసి చదవలేదు. స్టూడియో మూసేశాను, కెమెరా ఎవరికో ఇచ్చేశాను, ఈ ఏడు గోడ ముందు ఎవరూ నిలబడలేదు అని రాసి ఉంటే ఏం చెయ్యను? ఆ మనుషుల్లో వచ్చే ఏడాదికి ఎందరుంటారో. పడవ మీద వెళ్ళేవాళ్ళు, ముసలివాళ్ళు. ఒక ఏడాది మొహాలు. ఏ డాక్టరూ తిరిగి పెట్టలేడు.

నిన్న నా లెన్సు తీసేస్తున్నప్పుడు నేను మెలకువగానే ఉన్నాను. మత్తివ్వకుండానే చేస్తారని ముందు చెబితే నమ్మలేదు. కన్ను మొద్దుబారింది గానీ చూపు ఉంది, పైన మూడు దీపాలు, అవి నీళ్ళలో పడ్డ రంగుల్లా సాగుతున్నాయి, గులాబీ, పసుపు, పేరు లేని ఇంకేదో. స్ట్రాతో గ్లాసు అడుగు పీలుస్తున్న చప్పుడు. ఆ పీలుస్తున్నది అరవై మూడేళ్ళు నేను లోకాన్ని చూసిన గాజు. అమ్మ మొహం దాన్లోంచే చూశాను, మొదటిసారి చీటీ రాసినప్పుడు కాగితం తెలుపు దాన్లోంచే చూశాను, అది ముక్కలై గొట్టంలోకి పోతోంది, నాకు నొప్పి లేదు. తర్వాత ఒక క్షణం వచ్చింది. పాతది లేదు, కొత్తది ఇంకా రాలేదు. దీపాలు మూడు కాదు, ఒకటి కాదు, అంచుల్లేవు, వెలుగు మాత్రం ఉంది. దేన్నీ చూపించని వెలుగు. ముప్పై నాలుగేళ్ళు లెన్సుల్లోంచి వెలుగును చూశాను గానీ లెన్సు లేకుండా అది ఎలా ఉంటుందో ఆ క్షణంలోనే చూశాను, చూసి చేతులు జోడించబోతే, "కదలకండి" అని నర్సు కసిరింది. తర్వాత బియ్యపుగింజ పట్టనంత గాటులోంచి చుట్టచుట్టిన కొత్త లెన్సు లోపలికి వెళ్ళి దానంతట అదే విచ్చుకుంది. పన్నెండు నిమిషాలట. రాత్రి అద్దంలో డిప్పను చూసుకుంటూ నాకు నేనే చీటీ రాసుకున్నాను, వయసుకు తగ్గ రాపిడి, ఒక భాగం మార్చబడింది, పనిచేసేదీ లేనిదీ చూడలేదు. భాగం మార్చిన వస్తువుకు మొదటి రెండు గ్రేడులూ ఇవ్వకూడదని మా కొట్టు నియమం.

ఇరవై అయిదు. ఇంతసేపూ నేను ఏం కోరుకుంటున్నానో ఇప్పుడే తెలిసింది నాకు. ఇక్కడికి వచ్చి కూర్చున్నప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ లెన్సులో నిజంగానే మబ్బు ఉండాలని కోరుకున్నాను. తొమ్మిది తప్పులైతే అయ్యాయి, ఈ ఒక్కటి ఒప్పు కావాలని. అలా అయితే ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. ఇప్పుడు అలా లేదు. తప్పు నాదే కావాలి. గాజు బాగుండాలి. బాగుంటే, స్టూడియో మూసేసి ఉన్నా, తెరవమని ఆ రేవుకెళ్ళి అడుక్కుంటాను. "ఆ కవరు ఇలా ఇవ్వండి" అంది సుజునో, నా మనసు పైకి వినబడిందో ఏమిటో. "వద్దు." "రెండు రోజులుగా పొదిగే కోడిలా దాని మీద కూర్చున్నారు. ఇవ్వండి." చేతిలోంచి లాక్కుంది. కాగితం చిరిగిన చప్పుడు. గొంతు సవరించుకుని చదివింది.

"'ఓరికాసా నాయనా, నీ ఉత్తరం అందింది. మర్యాదలెక్కువై విషయమేంటో అర్థం కాలేదు గానీ లెన్సు కావాలన్నావని అర్థమైంది. పంపుతున్నాను. ఆ రోజు నువ్వు మూత మీద ధన్యవాదం అని రాసి, రెండు చేతులతో ఇచ్చి, దానికి దండం పెట్టావు. ఇన్నేళ్ళు పనిచేసిన వస్తువుకు కొట్టువాడు ధన్యవాదం చెప్పడం నా బతుకులో చూళ్ళేదు. రైల్లో ఎదురుగా కూర్చున్న పిల్ల చేతిరుమాలు ఇచ్చింది, అంత ఏడ్చాను.'" సుజునో ఆగింది. "గురువుగారూ, మీరు ధన్యవాదం రాశారా?" "నేను 'లోపం ఉంది' అని రాశాను. రెండక్షరాలు." "పక్కపక్కనా?" "పక్కపక్కనే." ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, నేను ఒంటికంటితో. తోమె గారు బడికెళ్ళే రోజుల్లో, యుద్ధానికి ముందు, మా దేశంలో కొట్టు బోర్డులైనా, మందు సీసా మీద చీటీలైనా అడ్డంగా రాస్తే కుడి నుంచి ఎడమకే రాసేవారు. నేను రాసిన రెండక్షరాలను కుడి నుంచి చదివితే, 'ఉంది' ముందొచ్చి, 'లోపం' వెనకొచ్చి, అది లోపం కానే కాదు, ధన్యవాదం అనే మాట. లోపం అనే ఆ అక్షరానికి కష్టం అని కూడా అర్థం, ఉండటమే కష్టమైనది, ఉన్నందుకు మొక్కదగినది, అని ఆ మాటకు అర్థం. అవే రెండక్షరాలు. ముప్పై నాలుగేళ్ళుగా వారానికి పదిసార్లు రాస్తున్నాను, ఒక్కసారీ కుడి నుంచి చూడలేదు. అయితే ఆ నమస్కారం! నేను ఊరంతా చాటిన ఆ గుండె నిబ్బరం! సుజునో నవ్వడం మొదలుపెట్టింది. "తీర్పు వినడమంటే అలా వినాలి" అంది నా గొంతుతో, కమలాపండు కింద పడిపోయింది, నాకూ ఆగలేదు, కన్ను అదిరితే ఏమవుతుందోనని డిప్పను చేత్తో పట్టుకుని నవ్వాను, కౌంటరులో అమ్మాయి వచ్చి, "ఓరికాసా గారూ, కొంచెం నెమ్మది" అని వేడుకుంది.

నవ్వు తగ్గాక సుజునో మిగతాది చదివింది. "'ఆ ధైర్యంతో ఈ ఏడూ తీశాను. ఫొటో లోపల పెట్టాను, నీ కంటికి ఎలా ఉందో చూడు. ఇక నా వల్ల కాదు నాయనా, మోకాళ్ళు ఒప్పుకోవు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే నాగిసా స్టూడియో తీసుకుంటానంది. ముప్పై నాలుగేళ్ళది, మొండిది, మంచిది. దానికి నా మాట మీద నమ్మకం లేదు, మామ్మా నీకన్నీ మంచివే అంటుంది. అందుకని నీ చేత్తో గ్రేడు రాసి పంపు. ఆ రోజు గ్రేడు రాయడం మరిచిపోయావు. ఉన్నదున్నట్టు రాయి, నన్ను చూసి ఎక్కువ రాయొద్దు. అది చూడకుండా ఒప్పుకుంటోంది, నీ చీటీని నమ్ముకుని.'" చదవడం అయిపోయాక సుజునో కవరులోంచి ఇంకేదో తీసింది. మొహానికి దగ్గరగా పట్టుకుని చూసింది. తర్వాత దాన్ని బోర్లించి నా ఒళ్ళో పెట్టింది. "నేను చెప్పను. మీరే చూడండి" అంది. అప్పుడే ఇరవై ఏడో నంబరు పిలిచారు.

డాక్టరు వేళ్ళు చల్లగా ఉన్నాయి. పట్టీ చర్మం నుంచి ఊడింది, గుడ్డ ఊడింది, "నెమ్మదిగా తెరవండి" అన్నాడు. తెరిచాను. ముందు తెలుపు. డాక్టరు కోటు. నేను ఇన్నాళ్ళూ తెలుపు అనుకున్నది టీ మరక అని ఆ కోటు చెప్పింది. ఆ తెలుపులో మడతలు, మడతల్లో నీడలు, నీడలు బూడిదరంగు కాదు, నీలం. నీడ నీలంగా ఉంటుందని చిన్నప్పుడు నాకు తెలుసు! ఎప్పుడు మరిచిపోయాను? జేబు మీద దారం పోగొకటి లేచి ఉంది, డాక్టరు కనురెప్ప కింద చిన్న పుట్టుమచ్చ ఉంది, కిటికీ నుంచి వచ్చిన ఎండలో దుమ్ము రేణువులు ఎగురుతున్నాయి, ఒక్కొక్కటీ విడివిడిగా. గోడ మీది పటంలో గాటుపడ్డ గుండ్రాలు చూపించి గాటు ఎటు ఉందో చెప్పమన్నాడు. కుడి, పైన, ఎడమ, కింద, కింద, కుడి. చివరి వరుస దాకా వెళ్ళాను. "బాగుంది" అన్నాడు మామూలుగా, రోజూ పది మందితో అన్నట్టే. ఆయన కాళ్ళ మీద పడదామనిపించింది. బయటికి వచ్చేసరికి సుజునో లేచి నిలబడింది. జుట్టుకు ఊదారంగు వేసి ఉంది. "ఇదెప్పటి నుంచి?" అన్నాను. "మూడేళ్ళ నుంచి" అంది. "ముడతలు కూడా అప్పటి నుంచేనా?" "అవి మీతో పనిచేయడం మొదలుపెట్టినప్పటి నుంచి." స్లిప్పర్లు ఆకుపచ్చగానే ఉన్నాయి. అబ్బ, ఎంత ఆకుపచ్చ.

కిటికీ దగ్గరికి వెళ్ళి ఫొటో తిప్పాను. గోడ ముందు మూడు వరుసల్లో డెబ్బై మంది ఉంటారేమో, రబ్బరు బూట్లతో మగవాళ్ళు, తలగుడ్డలు కట్టిన ఆడవాళ్ళు, ఒకాయన చంకలో చేప, ఒకావిడ చంకలో బిడ్డ, అందరూ ఒకే వైపు చూస్తున్నారు, కెమెరా వెనక నిలబడ్డ ఆ పొట్టి మనిషి వైపు. రెండో వరుసలో ఒకాయన కనుబొమల్లో ఎండిన ఉప్పు పొలుసులు లెక్కపెట్టొచ్చు. బిడ్డ కంటి నల్లగుడ్డులో చిన్నగా, గుండుసూది తలంత, మూడుకాళ్ళ మీద చెక్క కెమెరా కనిపిస్తోంది. మబ్బు పట్టిన లెన్సు ఇలా చూడదు. పెట్టె విప్పి లెన్సు తీసి ఎండకు పట్టాను, టార్చి అక్కర్లేదనిపించింది. లోపల ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఎంత లోతుగా ఉంటుందో అప్పుడు చూశాను. కొంచెం వంచితే మాత్రం, ముందు గాజు మీద, మార్చిలో నాకు కనిపించనే కనిపించని సన్నని గీతలు, వేలకు వేలు, ఒకదానిలో ఒకటి గుండ్రంగా తిరుగుతూ. గుడ్డతో తుడిచిన గీతలు. అరవై ఆరేళ్ళు ప్రతి ఉదయం ఒకే చెయ్యి ఒకే వైపు తిప్పి తుడిచింది. ఉన్న లోపాన్ని చూడక, లేని లోపాన్ని చూశాను నేను.

జేబులో చీటీల పుస్తకం ఎప్పుడూ ఉంటుంది. కిటికీ గట్టు మీద పెట్టి కుంచె పెన్ను మూత తీశాను. "'అందమైనది' అని రాసెయ్యండి, ఎవరడుగుతారు" అంది సుజునో. రాయలేదు. తుడిచిన గీతలున్న గాజుకు నియమం ప్రకారం 'మామూలుది'. అదే రాశాను. చూడకుండా ఒప్పుకుంటున్న నాగిసాకు ఎండ ఎదురుగా పడితే ఫొటో కొంచెం పాలిపోతుందని తెలియాలి, గొడుగు అడ్డం పెట్టుకోమని కూడా రాశాను. గాజు లోపల మబ్బు లేదు. బూజు లేదు. ఇత్తడి అరుగుదల వయసుకు తగ్గది. చివర 'గమనిక' అన్న గడి మిగిలింది. పెన్ను అక్కడ ఆగిపోయింది. సుజునో నా భుజం మీదుగా చూస్తోంది. "అక్కడేమీ రాయకండి గురువుగారూ" అంది మెల్లగా, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "మామ్మగారు సంతోషంగా ఉంది. రైల్లో ఏడ్చిన ఏడుపు ఎందుకు పాడుచేస్తారు? లెన్సు గురించి రాయమంది, రాశారు, చాలు." నిజమే, చాలు. ఎవరికీ తెలియదు. కానీ చూడలేనివాడికి కళ్ళు అరువిచ్చేవాడు కనిపించిన దెబ్బ దాచకూడదు, అది మా పనిలో మొదటి రోజు నేర్పే మాట, దెబ్బ నాదైనంత మాత్రాన నియమం మారుతుందా? ఉన్నదున్నట్టు రాయి అంది ఆవిడ. ఎండలో కాగితం ఎంత తెల్లగా ఉందంటే సిరా దాని మీద దిగుతుంటే చూడబుద్ధయింది. మార్చిలో ఈ లెన్సులో మబ్బు చూశాను, అది నా కంటిది, నిన్న తీసేశారు, అని రాశాను. ఆ కింద ఇంకొక్క వరుస పట్టే చోటుంది. తోమె గారూ, ఆ రోజు నేను రాసింది తప్పు, మీరు చదివింది ఒప్పు.